ఎనిమిదుల జత

“ఒక్క ఆటకేగా కూర్చోమంటున్నాను. దానికింత రాద్ధాంతం దేనికి?” అని ఆయన హాల్లోంచి మూడోసారి అన్నారు.

“రాద్ధాంతం కాదండీ, పొయ్యి మీద నూనె పెట్టాను. గారెలు మీరే అడిగారు,” అని నేనూ మూడోసారే అన్నాను.

“నూనె ఎక్కడికీ పారిపోదు. తమ్ముడొచ్చేదాకా ఒక చెయ్యి తక్కువైంది. ముగ్గురితో ఏం బావుంటుంది?”

“అయితే గారెలు ఆలస్యమవుతాయి. తర్వాత నన్ననకూడదు.”

“అననులే, రా.”

అంటారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. స్టవ్ ఆపి, కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చాను. వేళ్ల సందుల్లో మినప్పిండి ఇంకా తడిగానే ఉంది.

“పేక జిడ్డవుతుందే, సరిగ్గా తుడుచుకో,” అన్నారు అత్తగారు, తన ముక్కల మీంచి కళ్లెత్తకుండానే.

ఆదివారం భోజనాలయ్యాక గుడివాడలో మా ఇంట్లో పేకాట ఉంటుంది. మొన్నమొన్నటిదాకా రమ్మీ ఆడేవాళ్లు. మా అమ్మాయి వందన హైదరాబాదు కంపెనీకి ఇంట్లో కూర్చునే పనిచేస్తోంది, కిందటి వేసవిలో అది పోకర్ నేర్పింది. అందరికంటే ముందు నేర్చుకున్నది ఎనభై దాటిన మా అత్తగారు లక్ష్మీకాంతమ్మ గారు. ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు ముక్కలు, వాటితో ఎవరి కూర్పు పెద్దదైతే ఆట వాళ్లది. డబ్బు ముట్టకూడదని అత్తగారి శాసనం. ఎందుకని ఎవరూ అడగరు. మావయ్యగారు పేకాట క్లబ్బుల వెంట తిరిగిన రోజుల్ని ఈ ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు. అందుకని పందేలన్నీ చింతపిక్కలతోనే. ఆ పిక్కల గుడ్డసంచి ఎప్పుడూ ఆవిడ ఒళ్లోనే ఉంటుంది.

ఆ బల్ల దగ్గర నాకు చోటు లేదు. అంటే, సొంత చోటు లేదు. నాలుగో కుర్చీ మా మరిది రామబ్రహ్మానిది. పెదపారుపూడిలో చేపల చెరువుల దగ్గర పని చూసుకుని వచ్చేసరికి అతనికి ఎప్పుడూ ఆలస్యమే. అతనొచ్చేదాకా అతని కుర్చీలో, అతని పిక్కలతో నేను కూర్చుంటాను. అతను గుమ్మంలో చెప్పులు విప్పిన చప్పుడు వినగానే, చేతిలో ఏ ముక్కలున్నా సరే, అవి అతనికిచ్చి లేస్తాను. పిక్కలు పెరిగి ఉంటే “వదిన చెయ్యి మంచిది,” అంటాడు. తగ్గి ఉంటే “కొంప ముంచారు వదినా,” అంటాడు. రెండింటికీ నవ్వి వంటింట్లోకి వెళ్తాను. మా ఇంట్లో కుర్చీలకేం కరువు లేదు. ఐదో కుర్చీ వెయ్యాలని ఎవరికీ తోచలేదు. ఏమాటకామాట, నేనూ అడగలేదు.

బళ్లోనూ అంతే. పామర్రు దగ్గర హైస్కూల్లో నేను లెక్కలు చెప్తాను. హెడ్మాస్టరు సెలవు పెడితే ఆ కుర్చీలో ఇన్‌ఛార్జిగా కూర్చునేది నేనే. మధ్యాహ్న భోజనం వండేవాళ్లతో తగువులు, నీళ్ల మోటారు రిపేరు, పిల్లాణ్ణి కొట్టారని పోట్లాటకొచ్చిన తండ్రులు, అన్నీ నేనే సర్దుతాను. హెడ్మాస్టరు సెలవు నుంచి రాగానే లేచి స్టాఫ్‌రూమ్‌కి వెళ్తాను. ఒకసారైతే ఒక తల్లితో మాట్లాడుతుండగా, మాట మధ్యలోనే లేచాను. ఆవిడకి నేనెందుకు లేచానో అర్థంకాక తనూ లేచి నిలబడింది. అలా వచ్చిన హెడ్మాస్టర్లలో ఇద్దరు నాకంటే చిన్నవాళ్లు. బీరువా తాళాలు ఎక్కడుంటాయో, ఏ గది పైకప్పు ఎక్కడ కారుతుందో వాళ్లకి చూపించింది నేనే.

నాకు హెడ్మాస్టరుగా ప్రమోషన్ రాక కాదు. మొదటిసారి అవనిగడ్డలో ఇచ్చినప్పుడు వందన టెన్త్ క్లాసు. “పిల్ల చదువు కంటే నీ కుర్చీ ఎక్కువా?” అన్నారు ఆయన. వదులుకుంటున్నానని రాసిచ్చాను. రెండోసారి వచ్చేసరికి అత్తగారు బాత్రూమ్‌లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఎవరూ ఏమీ అనకముందే రాసిచ్చాను. ఇది మూడోసారి. రేపు సోమవారం బందరులో ఊళ్లు కోరుకునే కౌన్సెలింగ్. నా వంతు వచ్చేసరికి మిగిలేది నాగాయలంక వైపు ఊరేనని అందరికీ తెలుసు. రోజూ గుడివాడ నుంచి వెళ్లి రాలేను, అక్కడే ఉండాలి. వారం రోజులుగా ఆ మాట అన్నం దగ్గర, కాఫీ దగ్గర తిరుగుతూనే ఉంది. “ఈ వయసులో దివిసీమలో ఒంటరిగా ఏం ఉంటావు?” “ఉప్పునీళ్లు తాగి రోగం తెచ్చుకుంటావు.” “నువ్వెళ్తే ఈ ఇల్లు ఇల్లులా ఉంటుందా?” నేను ఏమీ చెప్పలేదు. ఏం చెప్పాలో నాకే తెలియలేదు.

ఇవాళ పొద్దున్న జ్యోతిర్మయి ఫోన్ చేసింది. సీనియారిటీలో నా వెనక ఉన్న టీచరు. “చాలా థాంక్సండీ మేడమ్,” అంది. ఎందుకంటే, “మీరు వదిలేస్తున్నారట కదా. మీరు కాదంటే నాకే వస్తుంది. సార్ నిన్న మీ షాపు దగ్గర మావారికి చెప్పారు,” అంది. దానిది పెద్ద సంతోషం. దాని మీద నాకు కోపం రాలేదు. ఫోన్ పెట్టేసి ఆయన్ని అడిగాను. “నన్నడగకుండా చెప్పారా?” పేపర్లోంచి తల ఎత్తకుండా, “ఎలాగూ వెళ్లవుగా! పాపం వాళ్లెందుకు ఎదురుచూడటం?” అన్నారు. నిజంగా పాపమనే అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నా తరఫున జవాబు చెప్పడం ఆయనకి నా మందులు కొనుక్కురావడం లాంటిదే. సాయం.

తర్వాత అత్తగారికి నీళ్లు పోస్తుంటే ఆవిడ అడిగారు. “ఈసారి ఎక్కడంటున్నారు?”

“నాగాయలంక వైపు.”

“సముద్రం దగ్గరా?”

“దగ్గరేనట.”

ఆవిడ మొహం మీది నీళ్లు తుడుచుకున్నారు. “వీపు ఇంకొంచెం గట్టిగా రుద్దు,” అన్నారు.

ఇప్పుడు హాల్లో వందన ముక్కలు పంచుతోంది. నేను ఎప్పటిలాగే ఆడుతున్నాను. అంటే, ఆట వదులుకుని ముక్కలు పడేస్తున్నాను. బాగోలేకపోతే పడేస్తాను. బాగున్నా, ఆయన గుప్పెడు పిక్కలు బల్ల మధ్యకి తోసి నా వైపు చూస్తే చాలు, పడేస్తాను. నేను పడేశాక ఆయన తన ముక్కలు తిప్పి చూపిస్తారు. రెండూ చిత్తుముక్కలే. “ఏమీ లేదు చూడు!” అని పడీపడీ నవ్వుతారు. “మీ అమ్మకి లెక్కలొచ్చు గానీ ఆట రాదే,” అని వందనతో అంటారు.

ఇవాళా అదే జరిగింది. అయితే ఈసారి ఆ చిత్తుముక్కల మీంచి నా కళ్లు వెంటనే పోలేదు. మూడు, తొమ్మిది. వాటికా నేను భయపడింది? పిల్ల చదువు చెడిపోతుందన్నారు. ఆ ఏడాది వందన హాస్టల్లో ఉండి చదివింది, నేను గుడివాడలో ఉన్నా అవనిగడ్డలో ఉన్నా దానికి ఒకటే. ఇల్లు ఇల్లులా ఉండదన్నారు. మా నాన్న పోయినప్పుడు పుట్టింట్లో ఉండిపోయాను, తిరిగొచ్చేసరికి ఇల్లు ఇల్లులాగే ఉంది, సింకు నిండా గిన్నెలున్నాయంతే. ఇన్నేళ్లలో నా ముందుకి ఎన్ని గుప్పిళ్లు తోశారో, అన్నిసార్లూ పడేశాను. ఒక్కసారి, ఏదీ మీ ముక్కలు చూపించండి, అని అడగలేదు. అడగాలంటే నా దగ్గరున్నదీ బల్ల మీద పెట్టాలి. ఆ ధైర్యం చెయ్యలేక, పడెయ్యడాన్ని మంచితనం అనుకున్నాను.

“అమ్మా, నీ వంతు పిక్కలు పెట్టు,” అంది వందన.

ఈ ఆటలో అదొకటుంది. ఆడినా ఆడకపోయినా, వంతు వచ్చినప్పుడల్లా కొన్ని పిక్కలు పెట్టి తీరాలి. ఊరికే కూర్చున్నందుకు అద్దెలాంటిది. పెట్టాను. నా ముందు ఇక గుప్పెడే మిగిలాయి.

“మంచి ముక్కలు వచ్చేదాకా ఆగుదామని కూర్చుంటే ఈ వంతులకే అయిపోతావమ్మా,” అంది వందన, పంచుతూనే. “ఆల్ ఇన్ అని ఉన్నవన్నీ పందెం వెయ్యాలంటే ఇంకా నాలుగు పిక్కలు ఉన్నప్పుడే అనాలి. రెండే మిగిలాక అంటే ఎవడూ భయపడడు. ఒకసారి మొత్తం తోసేశాక ఇంక నిన్నెవరూ బెదిరించి లేపలేరు తెలుసా? ఆఖరి ముక్క దాకా నువ్వు ఆటలో ఉన్నట్టే.”

“దానికెందుకే ఇవన్నీ, బ్రహ్మం వచ్చేస్తాడుగా,” అన్నారు ఆయన.

నాకు వయసు గుర్తొచ్చింది. రిటైరవడానికి ఇంకెన్నేళ్లు ఉందో గుర్తొచ్చింది. వందన పెళ్లి కుదరనీ, అత్తగారి ఆరోగ్యం తేరుకోనీ, ఆయన షాపు ఎవరికైనా అప్పగించనీ, అని నేను ఎదురుచూసే మంచి ముక్కలు ఎప్పుడొస్తాయి? ఎదురుచూసినన్నాళ్లూ వంతు పిక్కలు పెడుతూనే ఉన్నాను కదా.

ముక్కలు ఎత్తి చూశాను. ఇస్పేటు ఎనిమిది, ఆఠీను ఎనిమిది.

గొప్ప ముక్కలేం కావు. ఆసుల జతా కాదు, రాజుల జతా కాదు. కానీ జత. అత్తగారు పెదవి విరిచి తనవి పడేశారు. వందనా పడేసింది. ఆయన గుప్పెడు పిక్కలు మధ్యకి తోసి నా వైపు చూశారు.

అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడు.

“ఆ చెరువుల్లో గాలి కొట్టే ఏరియేటర్లు ఆగిపోయాయన్నయ్యా, అందుకే లేటు,” అంటూ బ్రహ్మం వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. నా భుజం మీంచి వంగి ముక్కలు చూశాడు. “అబ్బే, పడేసి లేవండి వదినా. తర్వాతది నేను చూసుకుంటా.” చెయ్యి కూడా చాపాడు, ముక్కల కోసం.

అలవాటుగా నా ఒళ్లు సగం లేచింది. మోకాళ్లకి కూడా అలవాటవుతుంది. మళ్లీ కూర్చున్నాను.

ఉన్న పిక్కలన్నీ రెండు చేతులతో మధ్యకి తోశాను. “ఆల్ ఇన్.”

“అదేంటి వదినా, నా పిక్కలు...”

“వాడొచ్చాడుగా, వాడి ఆట నువ్వాడతావేంటి?” అన్నారు ఆయన.

“ముక్కలు ఎవరి చేతిలో పడ్డాయో ఆట వాళ్లు ఆడతారు. మధ్యలో మార్చుకోడాలేంటి?” అన్నారు అత్తగారు. “నువ్వు వేస్తావా, పడేస్తావా చెప్పరా.”

ఆయన తన ముక్కలు చూసుకున్నారు. తమ్ముడి మొహం చూశారు. నా మొహం చూశారు. మళ్లీ ముక్కలు చూసుకున్నారు. గడ్డం గోక్కున్నారు. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోంది. ఇన్నేళ్ల కాపురంలో నేనన్న ఒక మాటకి ఆయన ఇంతసేపు ఆలోచించడం నేనెప్పుడూ చూడలేదు. వేళ్ల మీద పిండి ఎండిపోయి చర్మం లాగుతోంది. విచిత్రంగా, నాకు భయం వెయ్యలేదు. నేను చెయ్యాల్సింది అయిపోయింది. ఇక ఆలోచించాల్సింది ఆయనే.

“వేస్తున్నా,” అన్నారు చివరికి. ఆసు, రాజు బల్ల మీద పెట్టారు. నేను ఎనిమిదులు పెట్టాను.

“ఓర్నీ!” అంది వందన. ముందు మూడు ముక్కలు తిప్పింది. ఎవరికీ ఏమీ కలవలేదు. నాలుగోదీ అంతే. అత్తగారు కళ్లజోడు సర్దుకుని ముందుకి వంగారు. ఐదో ముక్క తిప్పింది.

కళావరు ఆసు. ఆయనకి ఆసుల జత పడింది.

“అదీ!” అని ఆయన బల్ల మీద కొట్టారు. పిక్కలు ఎగిరాయి. “చెప్పానా? ఆట రానిదానికి ఆల్ ఇన్ ఎందుకు?”

“ఆఖరి ముక్క దాకా అమ్మదే పైచెయ్యి నాన్నా. అమ్మ కరెక్టుగానే ఆడింది.”

“కరెక్టుగా ఆడితే ఓడిపోతారేంటే?”

“ఓడిపోతారు,” అంది వందన. “ముక్క పడలేదంతే.”

“నా పిక్కలన్నీ పోగొట్టేశారు కదా వదినా,” అన్నాడు బ్రహ్మం.

“నీవేంట్రా?” అన్నారు అత్తగారు. “ఆడింది అది, పోగొట్టుకుంది అది. నీక్కావలిస్తే కొత్తవి తీసుకో.” సంచి మూతి విప్పి అతని వైపు జరిపారు.

నేను లేచాను. నా ముందు బల్ల ఖాళీగా, శుభ్రంగా ఉంది. మొత్తం పోవడం అంటే ఇదేనా అనుకున్నాను. ఇల్లు కూలలేదు. ఫ్యాన్ తిరుగుతోంది. ఆయన నవ్వుతూ పిక్కలు పోగు చేసుకుంటున్నారు. బ్రహ్మం అప్పుడే నా కుర్చీలో కూర్చుని కాళ్లు చాపుకున్నాడు. ఆ ఓటమి ఒక్కటీ మాత్రం నాది. ఎవరి బదులూ కాదు, ఎవరొచ్చినా ఇచ్చేసి లేవక్కర్లేదు.

“గారెలు వెయ్యి మరి, లేటైపోయింది,” అన్నారు ఆయన. అంటారని చెప్పానుగా.

వంటింటి గుమ్మం దాకా వెళ్లి ఆగాను.

“రేపు నేను బందరు వెళ్తున్నాను,” అన్నాను. గొంతు పెంచలేదు. పంచుతున్న వందన చెయ్యి ఆగింది. “నాగాయలంక వైపు ఏ ఊరిచ్చినా తీసుకుంటాను. అక్కడే గది చూసుకుంటాను. జ్యోతిర్మయికి నేనే ఫోన్ చేసి చెప్తాను, మీరు చెప్పక్కర్లేదు. శనివారం సాయంత్రాలు వస్తాను. ఆదివారం అత్తయ్యకి తలకి నేనే పోస్తాను. మిగతా రోజుల సంగతి మీరూ, మీ తమ్ముడూ మాట్లాడుకోండి.”

అత్తగారు సంచి మూతి మెల్లగా ముడేస్తున్నారు, నా వైపే చూస్తూ.

“వచ్చేవారం నుంచి ఈ బల్ల దగ్గర ఐదో కుర్చీ వెయ్యండి. బ్రహ్మం, ఇవాళ్టికి నా చోట్లో కూర్చున్నావు కదా, వంటింట్లో కూడా నా చోటు ఒకటి ఖాళీగా ఉంది. పిండి రుబ్బే ఉంది, బాండీలో నూనె పోసే ఉంది. స్టవ్ వెలిగించుకోవడమే.”