పద్దెనిమిది వందల రైఫిల్

“పద్దెనిమిది వందలు,” అన్నాడు ఆర్వో రాంతా. “ఒక్క డాలర్ తగ్గించమన్నా ఇది మళ్ళీ గోడెక్కుతుంది.”

వంటగది బల్ల మీద, కాఫీ కప్పులకీ ఏలకుల రొట్టెకీ మధ్య, పాత దుప్పటి పరిచి ఉంది. దాని మీద రైఫిల్. యుద్ధకాలంలో ఫిన్లాండ్ సైన్యం వాడిన రకం. బరువైన గొట్టం, తేనె రంగు బిర్చి చెక్క. మిషిగన్ ఉత్తరపు కొసన ఉన్న మా జిల్లాలో సగం మంది తాతలు ఫిన్లాండ్ నుంచి వచ్చినవాళ్ళే. ఇలాంటి రైఫిల్ గోడ మీద ఉంటే ఆ ఇంటికో హోదా.

“నాలుగేళ్ళ కిందట ఇదే రకం నా తుపాకుల కొట్టులో ఆరు వందలకి అమ్మాను బాబాయ్,” అన్నాను.

“నాలుగేళ్ళ కిందట నా మోకాళ్ళు కూడా పనిచేసేవి. ఇప్పుడు రెండూ దొరకవు.”

కిటికీ దగ్గర కూర్చున్న కర్ట్ నవ్వాడు. కర్ట్ ఆర్వో తమ్ముడి కొడుకు. భార్య వెళ్ళగొట్టాక రెండేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉంటున్నాడు. జిల్లా షెరీఫ్ దగ్గర డిప్యూటీ, అంటే పోలీసే. ఆ రోజు శనివారం, యూనిఫాం లేదు కానీ ఆఫీసు బండి మాత్రం వాకిట్లో నా పికప్ వెనకాలే ఆపి ఉంది. రెండు పక్కలా మనిషెత్తు మంచు గోడలు. అతను తీస్తే తప్ప నా బండి కదలదు. అప్పటికి ఆ సంగతి నాకు పట్టలేదు.

“నిన్న ఒహాయోలో వేలం, లెస్ అన్నా,” కర్ట్ ఫోన్ చూస్తూ చదివాడు. “పదిహేడు వందలు పలికింది. అది కూడా దిగుమతి ముద్ర ఉన్న రైఫిల్.”

అసలు మెలిక అక్కడే ఉంది. వ్యాపారులు బయటి దేశం నుంచి తెప్పించిన ప్రతి తుపాకి మీదా దిగుమతి కంపెనీ పేరు చెక్కి ఉండాలి. సేకరించేవాళ్ళకి ఆ ముద్రంటే మంట. ముద్ర లేదంటే ఆ తుపాకి ఎవరో సైనికుడి పెట్టెలోనో, వలస వచ్చినవాడి మూటలోనో ఓడెక్కి వచ్చిందని అర్థం. ధర అమాంతం పెరుగుతుంది. ఆర్వో రైఫిల్ కథ మా వైపు అందరికీ తెలుసు. వాళ్ళ నాన్న ఉర్హో యుద్ధంలో మోసినది, కుటుంబంతో ఓడెక్కినప్పుడు ట్రంకు పెట్టెలో తెచ్చినది.

కొత్త సరుకు రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఉన్నవాటి ధరలకి రెక్కలొచ్చాయి. టెక్సాస్‌లో ఒకాయన ముద్ర లేనిదైతే రెండు వేల మూడొందలు ఇస్తానని నెల నుంచి నా ప్రాణం తీస్తున్నాడు. నేను రైఫిల్ ఎత్తి దీపం కింద తిప్పి చూశాను. నూనె దట్టంగా పట్టించి ఉంది. ముద్ర ఎక్కడా కనబడలేదు.

“సరే,” అన్నాను.

ఆర్వో చెయ్యి చాచాడు. కలిపాను. మా వైపు చెయ్యి కలిపితే కాగితంతో పని లేదు. కలిపిన చెయ్యి వెనక్కి తీసుకున్నవాడి కొట్టు గుమ్మం మళ్ళీ ఎవరూ తొక్కరు.

డబ్బు కవరు బల్ల మీద పెట్టాను. ఆర్వో దాన్ని కర్ట్ వైపు తోశాడు. “నా కళ్ళకి నోట్లన్నీ ఒకేలా ఉంటాయి. నువ్వుంచు.” లేచి కోటు తొడుక్కున్నాడు. “సౌనా గదిలో పొయ్యి అంటించాను, కట్టెలు చూసొస్తా. ఆవిరి స్నానం చేయకుండా వెళ్ళావంటే ఊరుకోను.”

“రోడ్డు మూసుకుపోతుంది బాబాయ్...”

“రోడ్డు రేపు కూడా ఉంటుంది.”

ఆయన వెనక తలుపు తీసుకుని వెళ్ళాడు. కొన్న తుపాకి నంబరు నా రిజిస్టరులో ఎక్కించాలి. అది చట్టం. నూనె తుడుద్దామని గుడ్డ తీసి, గొట్టం మొదట్లో గట్టిగా రుద్దాను.

గుడ్డకి నల్లరంగు అంటింది.

అలా అంటకూడదు. ఇనుముకి పట్టిన అసలు నలుపు గుడ్డతో రాదు. మళ్ళీ రుద్దాను. నా బొటనవేలంత మేర ఇనుము తెల్లగా బయటపడింది. ఆకురాయితో రాసిన గీతలు. వాటి కింద, పూర్తిగా చావని అక్షరాలు రెండు, వాటి పక్కన సగం తొమ్మిది.

దిగుమతి కంపెనీ తన పేరుతో పాటు కొత్త నంబరు కూడా అక్కడే చెక్కింది. చట్టానికి అదే దాని నంబరు. నంబరు గీకేసిన తుపాకి తెలిసి దగ్గర పెట్టుకుంటే ఐదేళ్ళ జైలు. ఎవడికైనా అంతే. నాకైతే లైసెన్సు కూడా పోతుంది, దాంతో కొట్టూ పోతుంది. యాభై రెండేళ్ళ వయసులో నాకు తెలిసిన పని అదొక్కటే.

తలెత్తి చూశాను. కర్ట్ ఫోన్ జేబులో పెట్టేశాడు. నన్నే చూస్తున్నాడు. ఆశ్చర్యం లేదు ఆ మొహంలో.

“నీకు తెలుసు,” అన్నాను.

“రంగు అంత తొందరగా వస్తుందనుకోలేదు. సీసా మీద మాత్రం గ్యారంటీ అని రాశాడు దొంగవెధవ.”

“నువ్వు గీకావా?”

“నేను గీకలేదు. వేటకి ముందు శుభ్రం చేస్తుంటే కనబడింది. రంగు పూసిందే నేను.” కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. “చూడన్నా, నేను ఉంటున్న ఇంట్లో, నా నెత్తి మీద గోడకి ఇది వేలాడుతోంది. రేపెవడైనా చూశాడంటే ఫెడరల్ పోలీసులు వస్తారు. డిప్యూటీకి తెలియదా అంటారు. నా బ్యాడ్జి పోతుంది.”

“అయితే నా నెత్తిన వేలాడదీస్తావా?”

“నువ్వు టెక్సాస్‌కి పంపేస్తావుగా. రిజిస్టరులో గొట్టం మీదున్న ఫిన్లాండ్ నంబరు రాస్తావు. ఎవడికి తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుంది. నేను తీసుకోను. కవరు ఇలా ఇవ్వు.”

“చెయ్యి కలిపావు.”

“నంబరు ఉన్న రైఫిల్‌కి కలిపాను.”

కర్ట్ నిట్టూర్చాడు. రోడ్డు మీద ఆపిన, బండి ఇన్సూరెన్సు లేనివాడితో మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా అన్నాడు. “ఇక్కడే వదిలేసి వెళ్తానంటావు. వెళ్ళు. నువ్వు మలుపు తిరిగేలోపు నేనే ఆఫీసుకి ఫోన్ చేస్తా. లెస్ కంగాస్ అనేవాడు గీకిన రైఫిల్ ఒకటి పట్టుకొచ్చి మా ముసలాయనకి అంటగట్టబోయాడని చెప్తా. దాని నిండా నీ వేలిముద్రలు. రంగు గుడ్డ నీ చేతిలో. డిప్యూటీ మాట నమ్ముతారా, తుపాకుల కొట్టువాడి మాట నమ్ముతారా?”

“ఆర్వో నిజం చెప్తాడు.”

“ఆయనకేం తెలుసని? ఆయనకి తెలిసిందల్లా వాళ్ళ నాన్న ట్రంకు పెట్టె. ఆ కథ పోతే ముసలాయన మంచం పడతాడు. తీసుకెళ్ళన్నా. తీసుకెళ్తే బండి తీస్తా.”

“తీసుకెళ్తే దారిలో నువ్వే ఆపవని గ్యారంటీ ఏంటి?”

“సీసా మీద ఉన్నంత గ్యారంటీ,” అన్నాడు కర్ట్, నవ్వకుండా.

తీసుకెళ్తే జైలు నా బండిలో ఉంటుంది. వదిలేస్తే వెనకాలే వస్తుంది. వెనక తలుపు తెరుచుకుని ఆర్వో గొంతు వినబడింది.

“రాళ్ళు కాలాయి! బట్టలిప్పండ్రా!”

కాదంటే కారణం చెప్పాలి. శనివారం సౌనా వద్దనడానికి మా వైపు కారణం ఒక్కటే, చావు. కర్ట్ నా చేతిలోని గుడ్డ లాక్కుని, రైఫిల్‌ని దుప్పట్లో చుట్టి బల్ల మీదే ఉంచాడు. ముగ్గురం మంచులో పాతిక అడుగులు నడిచి చెక్క గదిలోకి వెళ్ళాం. బయటి అరలో బట్టలు వదిలేశాం. నా ఫోనూ, తాళాలూ వాటిలోనే ఉండిపోయాయి.

లోపల మూడు మెట్ల బల్ల. ఆర్వో తలుపు పక్కనే, నీళ్ళ బకెట్ దగ్గర కూర్చున్నాడు. నన్ను పై మెట్టు ఎక్కించాడు. కర్ట్ నా పక్కన, మోచెయ్యి తగిలేంత దగ్గరగా. ఆర్వో గరిటెతో నీళ్ళు పోశాడు. రాళ్ళు బుసకొట్టాయి. వేడి వచ్చి చెవుల మీద కూర్చుంది.

“ఏంట్రా, ఇద్దరూ పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టున్నారు,” అన్నాడు ఆర్వో.

ఇంకో గరిటె. ఊపిరి పీలిస్తే ముక్కు కాలుతోంది.

“లెస్, నిజం చెప్పు. నిన్ను ముంచానా? న్యాయమైన ధరేనా అది?”

కర్ట్ మోచెయ్యి నా డొక్కలో గుచ్చుకుంది. నాకు తలుపు కనబడుతోంది, మూడడుగుల దూరం. దాటినా దాని అవతల మంచు, బండి వెనక బండి. ఈ గదిలో మాత్రం అతని దగ్గర బ్యాడ్జి లేదు, ఫోన్ లేదు. నా దగ్గర కొట్టూ లేదు. ఈ బల్ల మీద అబద్ధమాడినవాణ్ణి ఆర్వో లాంటివాళ్ళు మళ్ళీ ఇంట్లోకి రానివ్వరు.

“దాని ధర సున్నా బాబాయ్,” అన్నాను. “ఎవరో నంబరు గీకేశారు. అది నా బండిలో దొరికితే నన్ను జైల్లో పెడతారు.”

“అన్నా, నోరు ముయ్,” అంటూ కర్ట్ లేచాడు. తలుపు వైపు ఒక మెట్టు దిగాడు.

“కూర్చో,” అన్నాడు ఆర్వో.

“ఇతను ఏదో...”

“కూర్చోమన్నాను.” ఆయన ఎడమ కాలు చాచి తలుపుకి అడ్డంపెట్టాడు. కర్ట్ కూర్చున్నాడు. ఆర్వో గరిటె నింపి, పోయకుండా చేతిలో పట్టుకున్నాడు. నా కళ్ళ ముందు నల్లటి చుక్కలు ఆడుతున్నాయి.

“నేనే గీకాను,” అన్నాడు చివరికి.

కర్ట్ నోరు తెరిచాడు.

“మా నాన్న యుద్ధానికి వెళ్ళాడు, నిజమే. అక్కడ రొట్టెలు కాల్చాడు. ఐదేళ్ళు పిండి పిసికాడు. ఇక్కడ బార్‌లో ప్రతివాడి నాన్నా ఒక రెజిమెంటుని ఒక్కడే ఆపినవాడే. మా నాన్న పోయాక కూడా ‘రొట్టెల ఉర్హో కొడుకు’ అనేవాళ్ళు నన్ను. ఎనభై తొమ్మిదిలో పత్రికలో ప్రకటన చూసి పోస్టులో తెప్పించా. చవగ్గా వచ్చింది. వేట గుడిసెలో అందరూ విప్పి చూస్తారుగా, కంపెనీ పేరు కనబడకూడదని గీకేశా. అక్కడ పేరు పక్కన అంకెలున్నాయి. ఏవో అంకెలనుకున్నా.”

“అంటే... తాతయ్య ట్రంకు పెట్టె?” కర్ట్ గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

“ట్రంకు పెట్టె ఉంది. దాన్నిండా రొట్టె అచ్చులు.”

నీళ్ళు రాళ్ళ మీద పడ్డాయి. ముగ్గురం తలలు వంచేశాం.

“బాబాయ్, తలుపు తియ్యి,” అన్నాను. “పడిపోతాను.”

“కర్ట్, నీకు తెలిసే ఇతనికి అమ్మించావా?”

కర్ట్ మొహం మీది చెమట తుడుచుకున్నాడు.

“నేను అబద్ధం చెప్పాను. దానివల్ల ఎవడూ జైలుకి పోలేదు,” అన్నాడు ఆర్వో. అప్పుడు కాలు తీశాడు.

ఒళ్ళు సరిగ్గా తుడుచుకోకుండానే బట్టలు వేసుకున్నాం. ఆర్వో వంటగదిలోంచి రైఫిల్ తెచ్చి నేరుగా గ్యారేజిలోకి నడిచాడు. మా వైపు గని మూసేసేదాకా ఆయన అందులో వెల్డర్. గ్యాస్ సిలిండర్లు గోడకి గొలుసుతో కట్టి ఉన్నాయి. చెక్క విప్పి పక్కన పెట్టాడు. ఇనుమును పనిబల్లకి బిగించి, నల్లద్దాలు పెట్టుకుని, నా వైపు తిరిగాడు.

“చెయ్యి కలిపాం. ఇది నీది. కొయ్యనా?”

“అది సాక్ష్యం పెదనాన్నా!” అన్నాడు కర్ట్.

“ఇప్పుడు గుర్తొచ్చిందా డిప్యూటీకి?” అన్నాను.

“పద్దెనిమిది వందల డాలర్లు! మంటలో పోస్తారా? ఎనభై తొమ్మిదిలో అయితే పారేయొచ్చు. ఇవాళ దాని ధర తెలుసా మీకు?”

ఆ ధరే అతన్ని పట్టింది. శరదృతువులో ఆ గీతలు చూసిన రోజే అతను దీన్ని చెరువులో పారేసి ఉండొచ్చు. ఆరు వందలైతే పారేసేవాడే. ప్రతి నెలా ఫోన్ తెరిచి చూశాడు, ప్రతి నెలా పెరిగింది. చెయ్యి రాలేదు.

“కొయ్యి బాబాయ్,” అన్నాను.

నీలి మంట బుస్సుమంది. గొట్టం మొదట్లో, రైఫిల్‌కి గుండెకాయ లాంటి భాగం మూడు చోట్ల తెగి, ఎర్రటి ముక్కలై సిమెంటు మీద పడింది. చట్టం దీన్ని మెచ్చుకుంటుందో లేదో నాకు తెలియదు. ఆ ముక్కల్ని మాత్రం ఎవరూ ఎవరికీ అమ్మలేరు. ఆర్వో అద్దాలు తీశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. వేడికో, దేనికో.

“కర్ట్, ఇతని డబ్బు ఇచ్చెయ్. బండి తియ్యి,” అని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. నడకలో ఆ ఒక్క పూటలోనే పదేళ్ళు మీదపడ్డాయి.

వాకిట్లో చీకటి పడుతోంది. కర్ట్ తన బండి తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. చెయ్యి జేబులో ఉంది. కవరు అంచు బయటికి కనబడుతోంది.

“ఇవ్వు,” అన్నాను.

“రంగు గుడ్డ నా దగ్గరుంది,” అన్నాడు. “ముక్కలు కూడా ఉంటాయి. వాటి మీద నీ చేతులున్నాయి, పెదనాన్న చేతులున్నాయి. నేను ఏ రోజు ఫోన్ చెయ్యాలనుకుంటే ఆ రోజు చేస్తా. చెయ్యకుండా ఉండాలంటే ఏం చేస్తావో నువ్వే చెప్పు.”

“చేస్తే నీ బ్యాడ్జి కూడా పోతుంది.”

“పోతుంది. అందుకే చవగ్గా అడుగుతున్నా, ఈ కవరు ఒక్కటే.”

వంటగది దీపం వెలిగింది. ఆర్వో కిటికీ తెరిచి తల బయటపెట్టాడు.

“ఇచ్చావా?”

“ఇచ్చేశా పెదనాన్నా,” అన్నాడు కర్ట్, నన్ను చూస్తూ.

“లెస్?”

ఆ ముసలాయన్ని కూడా జైలుకి లాగే మాట నా నోట్లోనే ఉంది. లేదు అంటే చాలు, కర్ట్ ఫోన్ తీస్తాడు.

“ఇచ్చేశాడు బాబాయ్,” అన్నాను.

“వచ్చే శనివారం రా,” అని కిటికీ మూశాడు.

కర్ట్ బండి వెనక్కి తీశాడు. నేను బయటికి వచ్చి కొట్టు వైపు తిప్పాను. అద్దంలో అతని దీపాలు. రోడ్డు దాకా వచ్చి ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. ముప్పై మైళ్ళూ నా వెనకాలే, ఒకే దూరంలో, తొందరేం లేనట్టు వచ్చాడు.