వదులు చేసిన వీధి

అనగనగా అన్నంత మాత్రాన కథ కదలదు. వినేవాళ్లు ఊఁ కొడితేనే అడుగు వేస్తుంది. కనుక ఊఁ కొడుతూ వినండి. అనగనగా ఒక ఏటవాలు వీధి. ఆ వీధి పైకొసన, బట్టలు కుట్టే ఒకావిడ.

ఆవిడను అందరూ టైలరమ్మ అనేవారు. పొద్దున్నే భర్త బేకరీ పనికి వెళ్లగానే మిషను తొక్కడం మొదలుపెట్టేది. సూది కింద గుడ్డ లేకపోయినా ఆవిడ పాదాలు ఆడుతూనే ఉండేవి. బట్టలతోపాటు దారులు కూడా కుట్టేది. ఎవరికైనా దుకాణం దూరమైతే, సందు అంచున కూర్చుని, దారిని రెండు వేళ్లతో మడిచి, లావుపాటి సూదితో నాలుగు కుట్లు వేసేది. దారి ఆ మేరకు తగ్గేది. మోకాళ్ల నొప్పులవాళ్లు దీవించి, మడతమీంచి దాటుకుని వెళ్లిపోయేవారు.

ఆవిడ కూతురిని పిచ్చుక అని పిలిచేవారు. కాళ్లలో బలం లేదు గానీ నోట్లో ఉన్న బలం వీధికంతటికీ సరిపోయేది. చక్రాల కుర్చీలోనే ఇల్లంతా చుట్టేది. ఆ ఏడాది బడిలో సీటు వచ్చింది. బిడ్డను కుర్చీతో సహా పైకెత్తుకునే వ్యాను కూడా ఉంది. అయితే అది సందులో పట్టదు. వీధి దిగువన పెద్దరోడ్డు మీదే ఆగుతుంది. బిడ్డ అక్కడిదాకా కుర్చీలోనే రావాలి, ఎత్తుకుని తేకూడదు. వీధి అందుకు పనికిరాదని తేలితే వ్యానులో చోటు మరొక బిడ్డకు పోతుంది. వ్యాను లేనిదే బడి లేదు. పిచ్చుక ఇంకో ఏడాది కిటికీ దగ్గరే.

అందుకని ఇంట్లో రోజూ బడి సాధన జరిగేది. నానమ్మ పీట మీద కూర్చుని, పళ్లెం పట్టుకుని డ్రైవరయ్యేది.

"బెల్టు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా. ముందు నువ్వు ఎదురుగా చూడు నానమ్మా, గోడకు గుద్దేస్తావు."

"నా సంగతి తర్వాత, అన్నం డబ్బా మూత తియ్యి. బడిలో మీ అమ్మ వచ్చి తీస్తుందా?"

మూత మీద పిచ్చుక వేళ్లు జారేవి. అంతలోనే టైలరమ్మ చెయ్యి జాపి, టప్పున తీసిపెట్టేది.

"అదిగో! పిల్లకు కాదే, ముందు నీకు పెట్టాలి బడి" అనేది అత్తగారు.

"చూస్తూ ఎలా ఊరుకోను అత్తయ్యా?"

"నేను పళ్లెం పట్టుకుని ఊరుకోవడం లేదూ?"

వ్యానువాళ్లు దారి చూడటానికి వచ్చే రోజు దగ్గరపడేకొద్దీ టైలరమ్మకు నిద్ర కరువైంది. దూరం తగ్గిస్తే కష్టం తగ్గుతుంది. ఆవిడకు తెలిసిన విద్య అదొక్కటే. వాళ్లు వచ్చే ఉదయం వీధి మొత్తాన్ని దగ్గరికి లాగి, మడత మీద మడత వేసి, బిగించి కుట్టేసింది. పెద్దరోడ్డు గడప ముందుకు వచ్చినట్టే ఉంది.

అక్కడే పొరపాటు జరిగింది. పొడవైతే సూదికి లొంగింది గానీ ఎత్తు లొంగలేదు. పైకొస పైనే ఉంది, దిగువ దిగువనే ఉంది, మధ్యలో దారి కురచైంది. వీధి నిటారుగా లేచి నిలబడింది.

గడప దాటగానే కుర్చీ పరుగందుకుంది. పిడులు పట్టుకున్న టైలరమ్మను ఈడ్చుకుంటూ, మడతల మీద ఎగిరెగిరి పడుతూ దిగింది. వ్యానులో పిల్లలను చూసుకునే ఆయా పరుగున ఎదురొచ్చి, ఒంటిని అడ్డంపెట్టి ఆపింది. పిచ్చుక అరచెయ్యి గీసుకుపోయింది.

డ్రైవరు తల పట్టుకున్నాడు. "అమ్మా, ఇది వీధి కాదు, జారుడుబల్ల! రేపు ఇంకొక్కసారి చూస్తాం. అప్పుడూ ఇట్లాగే ఉంటే నేనేం చెయ్యలేను. ఈ చోటు కోసం ఇంకో పాప కాచుక్కూర్చుంది."

"ఆ పాపకు ఇంకో వ్యాను పంపొచ్చుగా మామయ్యా?" అంది పిచ్చుక, అరచెయ్యి ఊదుకుంటూ.

డ్రైవరు తల గోక్కుంటూ వెళ్లి వ్యాను ఎక్కాడు.

సాయంత్రం టైలరమ్మ బడి ప్యాంటు ముందేసుకుంది. రోజంతా కూర్చునే బిడ్డ కనుక వెనక ఎత్తు పెంచి, ముందు తగ్గించి, కింద ఒత్తుకునే చోట కుట్టు రాకుండా కత్తిరించింది. తొడిగి చూస్తే పిచ్చుక మొహం ముడుచుకుంది.

"పాదాల దగ్గర దళసరిగా ఉందేంటమ్మా?"

"లోపల గుడ్డ వదిలానే. ఎదిగే పిల్లవి, రేపు విప్పుకోవద్దూ?"

ఆ మాట ఆవిడకే తగిలింది. మిషను కింద పాదాలు ఆగాయి. ఆవిడ మిషను ముందు ఉండగా ఆ చప్పుడు ఆగడం అదే మొదలు. వంటగదిలోంచి అత్తగారు ఏమైందోనని తొంగిచూసింది. అప్పటికే టైలరమ్మ కుట్లు విప్పే బ్లేడు తీసుకుని వీధిలోకి వెళ్లిపోయింది.

దీపాలు పెట్టే వేళకు తాను వేసిన కుట్లన్నీ విప్పేసింది. "మాకు దుకాణం దూరమైపోతుంది కదే తల్లీ!" అని ఎదురింటి ముసలాయన మొత్తుకున్నాడు. "నీకు మందులు నేను తెచ్చిపెడతాలే బాబాయ్" అంటూనే ఆవిడ ఇంకా లోపలికి వేళ్లు పోనిచ్చి చూసింది. ఊహించినట్టే ఉంది: వీధిని మొదట వేసినవాళ్లెవరో అంచుల లోపల బోలెడంత దారి వదిలిపెట్టారు. అది కూడా విప్పింది. ఎండ తగలని దారి నల్లగా, కొత్తగా, చారలు చారలుగా బయటపడింది. వీధి ఒళ్లు విరుచుకుని, వెనక్కి వాలి, మెల్లగా మేను చాచింది. పొడవు పెరిగినకొద్దీ వాలు తగ్గింది.

ఒక్క దారాన్ని మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకు వదులుగా ఎక్కించి ఉంచుకుంది.

"అదెందుకే?" అంది అత్తగారు.

"పిల్లకేమైనా అయితే ఒక్క గుంజు గుంజుతాను. గడప ముందుకొచ్చి పడుతుంది."

మరునాడు వ్యాను దిగువన అగ్గిపెట్టెంత కనబడింది. టైలరమ్మ కుర్చీ వెనక నిలబడి, పిడుల మీద చేతులు వేసింది.

"చెయ్యి తియ్యమ్మా. వాలు తగ్గిందిగా, నేనే తిప్పుకుంటా."

ఆవిడ తీసింది. చక్రాలు కదిలాయి. పిచ్చుక పాత దారి మీద ఒకలా, కొత్త చారల మీద ఒకలా చప్పుడు చేసుకుంటూ దిగింది. మధ్యలో ఆగింది. టైలరమ్మ వేలికి చుట్టుకున్న దారం బిగుసుకుంది. పిచ్చుక ఎవరింటి కుక్కతోనో ఏదో మాట్లాడి మళ్లీ కదిలింది. చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. దిగువన వ్యాను లోంచి ఇనప పలక కిందికి దిగింది, కుర్చీని ఎత్తుకుంది, తలుపు మూసుకుంది.

టైలరమ్మ వేలి చివర నల్లబడింది. ఒక్క గుంజు చాలు. వ్యాను, రోడ్డు, బిడ్డ, అన్నీ గడపలోకి వచ్చేస్తాయి.

ఆవిడ దారాన్ని నోటి దగ్గరకు తీసుకుని, పళ్లతో కొరికి తెంపేసింది.

ఈ కథ నాకు మొట్టమొదట చెప్పింది మా అమ్మమ్మ. ఆ దారం కొరికింది ఆవిడే.