దీపం పట్టుకున్నవాడి వంతు

ఆట నియమాల పుస్తకం కొత్త ఎడిషన్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు మరిది. ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.

"మళ్ళీనా?" అంది వదిన, బల్ల తుడుస్తూ. "మూడేళ్ళకోసారి మార్చడానికి అదేమన్నా కుక్కర్ రబ్బరా?"

"పాతదాంట్లో లోపాలు సరిచేశారు వదినా."

"ఒక ఎడిషన్ కొన్నవాళ్ళ పిల్లలు ఆడే వయసుకొచ్చాకే రెండోది వేయాలనేవారు మీ అన్నయ్య."

పెన్సిలు చెక్కుతున్న ఆడపడుచు చేయి ఆగింది.

ఆదివారం మధ్యాహ్నాల ఆట అది. ఒకరు కథ నడుపుతుంటే మిగిలినవాళ్ళు తలో పాత్రగా మారి, పాచికలు వేసుకుంటూ గుహలూ కోటలూ దాటాలి. నడిపేది మరిది. ఆడపడుచు బాణాలు వేస్తుంది. వదిన గాయాలకు కట్లు కడుతుంది. ఆటలోనైనా ఆవిడకు ఆ చాకిరీ తప్పలేదు. వదిన భర్తది దీపధారి పాత్ర. ఆయన పోయి రెండేళ్ళయినా పాత్ర పోలేదు. ఆటగాడు రాకపోతే అతని పాచిక పక్కవాళ్ళు వేయవచ్చని పాత పుస్తకంలో ఉంది. ఎందుకు రాలేదని అందులో అడగలేదు.

చిక్కల్లా ఇంకో నియమంతో వచ్చింది. దీపధారి అందరి వెనకా నడవాలి. గుమ్మం దాటాలంటే అతనికి ఆరు పడాలి. అతను దాటేదాకా మిగిలినవాళ్ళు కదలకూడదు. ఆయన పోయినప్పటి నుంచీ వదిన వేసే ఆ నీలం పాచికకు ఒక్కసారీ ఆరు పడలేదు. రెండేళ్ళుగా అందరూ ఒకే గుహలో, ఒకే గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. మరిది ఓసారి పాచికను అనుమానించి తను వేసి చూశాడు. అతనికి ఆరు పడుతూనే ఉంది, కానీ కథ నడిపేవాడు వేసింది లెక్కకు రాదు. ఆ తర్వాత వదిన చేతిని అనుమానించాడు గానీ, అన్నం పెట్టే చేయి కాబట్టి పైకి అనలేదు.

"ఇందులో దీపధారి లేడు," అన్నాడిప్పుడు కవరు చింపుతూ. "ఎవరి దీపం వాళ్ళదే. ఎవరి కోసం ఎవరూ ఆగక్కర్లేదు."

"అంటే ఆయన్ని అక్కడే వదిలేసి పోదామంటావు."

మరిది పేజీలు తిప్పాడు. ఆడపడుచే మెల్లగా అంది. "వదినా, ఆ గుహలో ఉండి ఉండి నాకు గబ్బిలం చూపు వచ్చేసింది. అన్నయ్య మాత్రం అంతసేపు నిలబడమంటాడా మనల్ని?"

వదిన నీలం పాచికను బిస్కెట్ల డబ్బాలో వేసింది. ఏ ఇంట్లోనూ బిస్కెట్ల డబ్బాలో బిస్కెట్లుండవు. ఈ ఇంట్లో పాచికలుంటాయి. మూత బిగించి, "సరే, కానివ్వు," అంది.

మరిది కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఆడవాళ్ళిద్దరూ అతనికి ఎదురుగా.

"మీరిద్దరూ గుమ్మం దాటారు," అని మొదలెట్టాడు. "వెనక దీపం అలాగే వెలుగుతోంది. వెలుతురు చిన్నదవుతూ, చిన్నదవుతూ..."

డబ్బాలో టక్కుమంది.

"ఎలకేమో," అన్నాడు మరిది.

"నేను మూత బిగించిన డబ్బాలోకి చీమ కూడా దూరదు."

మళ్ళీ మోగింది. రెండుసార్లు ఆడి, దొర్లి, ఆగింది. ఆయన గుప్పిట్లో రెండుసార్లు ఆడించి వేసేవారు. వదిన మూత తీసింది.

ఆరు.

"కొత్త నియమాల్లో ఆరుకి..." మరిది కొత్త పుస్తకంలో వెతికాడు, "అర్థం ఏమీ లేదు వదినా."

"ఎడిషన్ మారిందని ఆయనకెవరు చెప్పారు గనక? పాత పుస్తకం తియ్యి."

తీసి, వేలు పెట్టి చదివాడు. "దీపధారి గుమ్మం దాటాడు. ముందున్నవాళ్ళ వీపుల మీద వెలుగు పడుతుంది."

కిటికీలోంచి ఎండ ఆడవాళ్ళిద్దరి ముఖాల మీద సూటిగా పడుతోంది. అయినా బల్ల మీద వాళ్ళ నీడలు కిటికీ వైపే సాగాయి. ఆడపడుచు వదిన మణికట్టు పట్టుకుంది.

వాళ్ళ వెనక ఏముందో మరిదికి ఎదురుగా కనబడాలి. అతను పుస్తకంలోంచి తల ఎత్తడం లేదు.

"ఏమయ్యా, ఏం కనిపిస్తోంది?" అంది వదిన.

"దీపం వైపు తిరిగి చూసినవాళ్ళకు ఒక వంతు పోతుంది వదినా," అన్నాడు, అక్షరాల మీంచి వేలు తీయకుండా.

"ఒక్క వంతేగా," అంది వదిన. ఆడపడుచు చేతిని మృదువుగా విడిపించుకుని, జుట్టు సర్దుకుని, కుర్చీలో వెనక్కి తిరిగింది.