లావు తీగల పాట

నేను ఒక బేస్ గిటార్‌ని. పెళ్ళిపందిట్లో నన్ను చూసినవాళ్ళు ముందు తీగలు లెక్కపెడతారు. "పాపం, రెండు తెగిపోయినట్టున్నాయి" అని జాలిపడతారు. నాకు ఉన్నవే నాలుగు, అవీ లావుపాటివి.

కలకత్తాలో హార్మోనియంలు చేసే సందులో ఒక ముసలి వడ్రంగి నన్ను పాత బీరువా తలుపు టేకుతో చేశాడు. ఎవరో ఇచ్చిన ఫోటో చూసి చెక్కాడు తప్ప, పాటలో నా పనేమిటో ఆయనకు తెలియదు. వాల్తేరులో రైలు గార్డు డెస్మండ్ నన్ను కొన్నాడు. శనివారం సాయంత్రాలు రైల్వేవాళ్ళ క్లబ్బులో నా మోతకు అడుగులు వేసినవాళ్ళు వందలమంది. వాళ్ళలో ఒక్కరూ నావైపు చూసిన గుర్తు లేదు. మోకాళ్ళ నొప్పులతో నిలబడలేని రోజు వచ్చాక ఆయన నన్ను ప్రభుదాసు మాస్టారికి అప్పగించాడు.

ప్రభుదాసు మాస్టారు విశాఖ రేవు పక్క పేటల్లో ఆర్కెస్ట్రా నడిపేవాడు. కీబోర్డు ఆయనదే, మాటా ఆయనదే. "బేసంటే చారులో ఉప్పురా. ఉన్నట్టు తెలీకూడదు, లేకపోతే తెలియాల" అనేవాడు. ఏళ్ళ తరబడి నేను ఉప్పుగానే ఉన్నాను. పల్లవి ఎవరిదో, చరణం ఎవరిదో పట్టించుకోకుండా వెనక నిలబడి దుమ్ముదుమ్ముమనేదాన్ని.

ఆ ఆర్కెస్ట్రాలో కోరస్ పాడే అమ్మాయి నూకరత్నం. పగలు బట్టల కొట్టులో జాకెట్టు ముక్కలు కొలిచి కత్తిరించేది. తల్లి లేదు. తండ్రి పైడయ్య ఓడల షెడ్డులో ఇనుప రేకులకు రివెట్లు కొట్టేవాడు. కూతురు పాడే ప్రతి కార్యక్రమానికీ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు. అయిపోగానే ఒకే మాట: "బాగా పాడీసేవే గుంటా."

ఒక ఆదివారం రిహార్సల్ రత్నం ఇంటి వెనక వసారాలో పెట్టారు. ఆమె మొదటిసారి ఒంటరిగా పాట పాడబోతోంది. అదొక పడవ పాట. పెరట్లో అటు తిరిగి కూర్చుని టేబుల్ ఫ్యాను బాగుచేస్తున్న తండ్రి వెనక నిలబడి పల్లవంతా పాడింది. "ఎలగుందయ్యా?" అని అడిగింది. ఆయన కదల్లేదు. ఇంకాస్త గట్టిగా పిలిచింది. స్క్రూ తిప్పుకుంటూనే ఉన్నాడు.

ఆమె ముందుకు వచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన నవ్వుతూ తలెత్తాడు. రత్నం పెదవులు కదిపింది. చేత్తో తాళం కూడా వేసింది. గొంతు మాత్రం ఒక్క అక్షరం పలకలేదు. పైడయ్య తల ఊపుతూ చివరిదాకా చూశాడు.

"బాగా పాడీసేవే గుంటా."

"నాను పాడనేదయ్యా."

ఆ మాట ఆయన ఆమె పెదవుల మీదే చదువుకున్నాడు. చేతిలో ఉన్న స్క్రూలను ఒక్కొక్కటే నేలమీద పెట్టాడు.

"నీ ఎనిమిదో తరగతి కాడ్నించీ సన్న గొంతులు ఇనపడవే. ఆ సుత్తి మోత తినీసింది. సెప్తే నువ్వు పాట మానీస్తావని సెప్పనేదు."

పదేళ్ళుగా అందుకున్న మెప్పు ఒక్కసారిగా వెనక్కి పోతే మనిషి ముఖం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. నాకు ఏడవడం రాదు కనుక చూస్తూ ఉండిపోయాను. అదే క్షణంలో వసారాలో కుర్చీలో కూర్చుని నన్ను శ్రుతి చేస్తున్న ఆర్కెస్ట్రా బేస్ కుర్రాడు, ఇదేమీ తెలియక, నా తీగల్లో అన్నిటికన్నా లావుదాన్ని మీటాడు.

పైడయ్య గిరుక్కున తిరిగాడు. "అదేటది?"

ఆ సాయంత్రమే రత్నం నన్ను ఒళ్ళోకి తీసుకుంది. ఆ వాయించేవాడి దగ్గరే నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి అతనికి వేరే ఊళ్ళో ఉద్యోగమొచ్చింది, నేను ఆమె పాలయ్యాను. వేళ్ళు బొబ్బలెక్కాయి. ఆమె సంబరంగా వాయిస్తే పైడయ్య కాసేపు విని, "ఇనపడతాంది గానీ, దుంకు దుంకు మంటాదే. పాటేదే?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్న. ఇంతవరకూ నన్నెవరూ అడగనిది. రత్నం నా మెడ మీద పైనుంచి కిందికి వెతకడం మొదలుపెట్టింది. సన్నగొంతు పాడే పడవ పాటను రెండు స్థాయిలు దించి, నా లావు తీగలమీద అక్షరం అక్షరం కూర్చింది. నాలో పల్లవి కూడా ఉందని నాకప్పుడే తెలిసింది. సంతోషం అనను. ఇన్నాళ్ళూ మూసి ఉన్న అల్మారా తలుపు తీస్తే లోపల బట్టలు కనబడినట్టుంది.

స్టేజి మీద వాయిస్తానంటే ప్రభుదాసు మాస్టారు ఒప్పుకోలేదు. "ఉప్పుని గిన్నెలో పోసి వడ్డిస్తానంటావేటమ్మా? జనం లేచిపోతారు."

"ఒక్క పాట మాస్టారూ. మా అయ్య రిటైరయ్యే రోజున. తర్వాత మీరు వొద్దంటే ముట్టుకోను."

షెడ్డులో ఆ వీడ్కోలు సభ మధ్యాహ్నం మూడింటికి జరిగింది. పైడయ్యతో కలిసి పనిచేసినవాళ్ళు డెబ్భైమంది దాకా వచ్చారు. పాటకు పాటకు మధ్య మర్యాదగా చప్పట్లు కొట్టారు. పక్కవాడు కొడితే కొట్టడం, ఆపితే ఆపడం. వాళ్ళందరిదీ ఒకే పని, ఒకే సుత్తి, ఒకే చెవులని స్టేజి మీదున్నవాళ్ళకు తట్టలేదు. రత్నానికి కూడా.

ఆమె నా తీగలమీద పడవ పాట ఎత్తుకుంది. మాస్టారు కీబోర్డు నుంచి చేతులు తీశాడు. డ్రమ్ము మెల్లగా వెనక నడిచింది. మొదటి వరస పూర్తవక ముందే ఖాళీ టీ గ్లాసులు పెట్టుకుని కూర్చున్న మనుషులు ఒక్కొక్కరే తలెత్తారు. వెనక బెంచీలోంచి ఒకాయన, తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియక, సభంతా అదిరేలా అరిచాడు:

"ఒరే, ఇది పాటరా! ఇనపడతాందిరా!"

కుర్చీలు ముందుకు జరిగాయి. వేదిక మీదున్న పెద్ద ఆఫీసరు, చెవులు చక్కగా ఉన్నవాడు, ఈ గొణుగుడేమిటన్నట్టు విసుగ్గా చూసి టీకి లేచి వెళ్ళాడు. ఆయన వెళ్ళినట్టు ఎవరూ గమనించలేదు.

పాట అయ్యాక రత్నం నేరుగా తండ్రి ముందుకు వచ్చి నిలబడింది.

"రెండో చరణంలో తప్పీసేవే," అన్నాడు పైడయ్య.

రత్నం నన్ను పట్టుకునే ఏడ్చింది, నవ్వింది. నిజమే, తప్పింది. నాకూ తెలుసు.

ఆ తర్వాత రేవు పేటల్లో ఎక్కడ కార్యక్రమమైనా బేస్ పాట ఒకటి ఉండాల్సిందేనని కబుర్లు వచ్చేవి. మాస్టారు ఆ ఆలోచన తనదేనని చెప్పుకునేవాడు. రత్నం కాదనలేదు. పైడయ్య ప్రతి ఉదయం టీ తాగుతూ ఒక పాట వినేవాడు, ఒక తప్పు పట్టేవాడు. అలా పదకొండేళ్ళు గడిచాయి.

ఆయన పోయిన పన్నెండోనాడు, భోజనాలయ్యాక, షెడ్డు మిత్రులు ఆరుగురు మిగిలారు. వెళ్ళడానికి లేచి, వెళ్ళలేక నిలబడ్డారు. ఆరుగురిలో పెద్దవాడు గోడకు ఆనించి ఉన్న నన్ను చూపించాడు. "ఒక్కటి వాయించమ్మా."

రత్నం చేతులు తుడుచుకుని వచ్చి పడవ పాట అందుకుంది. రెండో వరసకు ఆ పెద్దాయన గొంతు కలిపాడు. మిగిలిన ఐదుగురూ కలిపారు. పాట నేను ఒక దారిన పట్టుకుని పోతుంటే, వాళ్ళు ఆరుగురూ ఆరు దారుల్లో వచ్చారు. ఎవరి గొంతు ఎక్కడ ఉందో వాళ్ళకు తెలియదు. కర్మకు వచ్చిన చుట్టాలు మొహాలు చిట్లించుకున్నారు. ఒకావిడ పిల్లను తీసుకుని బయటికి పోయింది.

నా వయసులో అంత అపశ్రుతి నేనెప్పుడూ వినలేదు. రత్నం మొత్తం ఐదు చరణాలూ వాయించింది, ఒక్కటీ వదలకుండా.