అలిసిపోయానని చెప్పిన రోజు

ముప్పై ఒక్కేళ్ళ ఉద్యోగంలో నేను ఒక్కసారి కూడా అలిసిపోయాను, విమానం నడపలేను అని ఆఫీసుకు చెప్పలేదు. జ్వరమొస్తే సెలవు పెట్టాను గానీ అలసట అన్న మాట నా నోట రాలేదు. అలా చెప్పే కుర్ర పైలట్లను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ముక్కు మీద కోపం నాకు పుట్టుకతోనే వచ్చిందని మా ఆవిడ అంటుంది. నేనూ కాదనను.

మాది చిన్న విమానాల కంపెనీ. నలభై ఎనిమిది సీట్లు, రెక్కలకు రెండు పంకాలు, చిన్న చిన్న ఊళ్ళ మధ్య రోజుకు నాలుగు ట్రిప్పులు. ఎడమ సీట్లో కెప్టెన్‌గా నేను, కుడి సీట్లో కో-పైలట్. ఆ కుడి సీట్లోకి ఏడాదికో కొత్త మొహం వస్తుంది, పని నేర్చుకుని పెద్ద కంపెనీకి పోతుంది. ఈసారి వచ్చిన అమ్మాయికి పిట్ట అని పేరు పెట్టాను. తిండీ అంతే, గొంతూ అంతే. నోట్లో నాలుక లేని పిల్ల. చెయ్యి మాత్రం మంచిది. ఎంత గాలి కొడుతున్నా నిద్రపోయిన చంటిపిల్లను పక్క మీద దించినట్టు దించుతుంది విమానాన్ని.

ఆ రోజు పొద్దున్న అయిదింటికే డ్యూటీ. నేను సిబ్బంది గదిలోకి వెళ్ళేసరికి పిట్ట కాగితాలు సర్దుతోంది. చెంప మీద ప్లాస్టిక్ కుర్చీ అల్లిక అచ్చుపడి ఉంది. బాగా నిద్రపట్టిందా అని మామూలుగానే అడిగాను. పట్టింది సార్ అంటూ చెంప తడుముకుంది, గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

మూడో ట్రిప్పులో కిందనుంచి కంట్రోల్ వాళ్ళు మేం ఎంత ఎత్తులో ఉండాలో చెప్పారు. పిట్ట ఆ అంకె వాళ్ళకు తిరిగి చెప్పి, మోకాలి మీది కాగితంలో రాసుకుంది. నిమిషం తిరక్కుండానే ఎంత ఎత్తన్నారు సార్ అని నన్నడిగింది. అంకె ఆమె ఒళ్ళోనే ఉంది, ఆమె రాతలోనే. మామూలుగా అయితే నాకు కోపం రావాలి. రాలేదు. భయం వేసింది.

మధ్యాహ్నం మా ఊళ్ళోనే దిగాం, నాలుగో ట్రిప్పుకు ఇంకా ముప్పావుగంట ఉంది. ప్రయాణికులు దిగిపోయాక పిట్టను అక్కడే కూర్చోబెట్టి నిజం చెప్పమన్నాను. వచ్చే జీతానికి విడిగా గది దొరక్క ఆరుగురు ఆడపిల్లలు కలిసి ఒక గది తీసుకున్నారట. మంచాలు మూడే. ఒకరు డ్యూటీకి లేస్తే ఇంకొకరు అదే మంచం మీద వాలతారు. పిట్టతో మంచం పంచుకునే అమ్మాయికి జ్వరం. లేపడానికి మనసొప్పక రెండు రాత్రులు సిబ్బంది గదిలో కుర్చీలో పడుకుందట. నిద్ర సుఖమెరుగదంటారు గానీ, ఆ కుర్చీలో నేనైతే పావుగంట కూర్చోలేను. భుజాన బంగారు గీతలు, పడుకోవడానికి సగం మంచం. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

అయితే నడపలేనని ఆఫీసుకు చెప్పు అన్నాను. పిట్ట తల అడ్డంగా ఊపింది.

"పోయిన నెల ఒకసారి చెప్పాను సార్. మళ్ళీ చెబితే ఉద్యోగం ఖాయం చెయ్యరు. ఇంకా పది రోజులే ఉంది. ఈ ఒక్క ట్రిప్పూ ఎలాగో లాగించేస్తాను. మీరున్నారుగా."

వెనక కూర్చునే నలభై ఎనిమిది మందీ అదే అనుకుంటారు కదా, వాళ్ళున్నారుగా అని.

మా దగ్గర ఇద్దరిలో ఎవరు నడపలేనన్నా ఇద్దరినీ మార్చి వేరే జంటను పంపుతారు. ఫోన్ తీసి, అలిసిపోయాను, నేను నడపలేను అని డ్యూటీ ఆఫీసర్‌తో అబద్ధమాడాను. మీరేనా సార్ అని అతను రెండుసార్లు అడిగాడు. ముప్పై ఒక్కేళ్ళ పేరు ఒక్క ఫోన్‌తో పోయింది.

కెప్టెన్‌కు బాగోలేదు, విమానం రెండు గంటలు ఆలస్యమని మైకులో చెప్పారు. మేం బయటికి నడుస్తుంటే వరసలో నిలబడ్డ ఒక పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, ఇంత ఒడ్డూ పొడుగూ ఉన్నాడు, ఈయనకేం రోగమట అంది. కుక్కిన పేనులా తలొంచుకుని వచ్చేశాను.

పిట్టను మా ఇంటికే తీసుకెళ్ళాను. మా ఆవిడ ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. పక్కగదిలో దుప్పటి మార్చి, కిటికీ తెర లాగి, పడుకో తల్లీ అంది. నేను ముందుగదిలో సోఫా మీద కూర్చుని బూట్లు విప్పుకోబోయాను.

కళ్ళు తెరిచేసరికి గదిలో లైటు వెలుగుతోంది. ఒక బూటు కాలికుంది, ఒకటి చేతిలో ఉంది. మా ఆవిడ నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆవిడ మొహంలో రక్తం లేదు.

"టీ పెట్టి మూడుసార్లు పిలిచాను. భుజం పట్టి ఊపాను. మీరూ కదల్లేదు, లోపల ఆ పిల్లా కదల్లేదు." నా మొహంలోకి చూసి అడిగింది, "అక్కడ పైనైతే మిమ్మల్ని ఎవరు లేపేవాళ్ళండీ?"

గడియారం చూశాను. అయిదు గంటలు నిద్రపోయాను. ట్రిప్పు గంటంపావే.

అంతలో పిట్ట లేచొచ్చి గుమ్మంలో నిలబడింది. ఈసారి చెంప మీద దిండు మడత అచ్చుంది.

"నా కోసం అబద్ధం చెప్పారు సార్ మీరు," అంది.

"లేదమ్మా, నిజమే చెప్పాను," అన్నాను. "నాకే తెలీలేదు."

మా ఆవిడ నా చేతిలోంచి బూటు తీసుకుని కింద పెట్టి, రెండోదాని ముడి విప్పడానికి వంగింది.