సంపెంగ తొడిమకి ఎర్రదారం

నేను ఒక కుంచెను. నా వెంట్రుకలు ఒక ఉడుత తోకవి. వాటిని ఎవరూ దాన్ని అడిగి తీసుకోలేదు. కాబట్టి దొంగతనం గురించి మాట్లాడే అర్హత నాకు పుట్టుకతోనే వచ్చింది.

ఆ వెంట్రుకల్ని ఎవరో ఇత్తడి గొట్టంలో బిగించి కర్రపిడి తొడిగారు. విశాఖపట్నంలో ఒక డ్రాయింగు మాస్టారు నన్ను కొన్నారు. రిటైరైన రోజున నన్ను తన శిష్యురాలు సువర్చల చేతిలో పెట్టి, "కనిపించిందే వెయ్యమ్మా. పురుగు కొరికిన ఆకైతే ఆ చిల్లు కూడా వెయ్యి" అన్నారు. ఆవిడ ఆ మాట తప్పలేదు. కొంప ముంచింది అదే.

సువర్చల నీటిరంగులతో తోటపూలు వేస్తుంది. పువ్వు కోసి గాజుగ్లాసులో పెట్టి, వాడిపోయేలోగా రంగు పట్టుకోవాలి. ఎగ్జిబిషన్‌కి మందారం, నందివర్ధనం, రాధామనోహరం అన్నీ సిద్ధమయ్యాయి. సంపెంగ ఒక్కటే దొరకలేదు. ఒకరోజు పొద్దున్నే చూస్తే, పక్కింటి తాయారమ్మగారి సంపెంగ కొమ్మ పిట్టగోడ దాటి వచ్చింది. దాని చివర ఒకే ఒక్క పువ్వు. అడిగి కోద్దామనుకుంది సువర్చల. పక్కింట్లో పూజగంట మోగుతోంది. వెలుతురు చక్కగా పడుతోంది. తెంపేసింది.

తొడిమకి ఎర్రదారం కట్టి ఉంది. ఎందుకు కట్టారో ఆలోచించలేదు. కనిపించింది కదా అని నా చేత అదీ వేయించింది.

రంగు ఆరకముందే గోడ అవతల తాయారమ్మగారు గొల్లుమంది.

"మొదటి పువ్వు నీకేనని దారం కట్టుకున్నానే అప్పన్నా! నా పువ్వు నీకు అక్కర్లేకపోయిందా?"

తాయారమ్మగారి భర్త పద్మనాభంగారికి గుండె ఆపరేషన్ ఖాయమైంది. ఎన్నేళ్లకో చెట్టు మొగ్గ తొడిగేసరికి, ఆ పువ్వు సింహాచలం అప్పన్నస్వామికి ఇచ్చాకే ఆసుపత్రికి వెళ్దామని ఆవిడ మొక్కుకుంది. పువ్వు మాయమైంది. స్వామి వద్దన్నాడని ఆవిడ గట్టిగా నమ్మింది. ఆపరేషన్ ఆగిపోయింది.

సువర్చల గోడ దాకా వెళ్లింది. తిరిగొచ్చింది. రేపు చెబుతాననుకుంది. మర్నాడూ అదే మాట. పద్మనాభంగారు మెట్ల మీద ఆయాసపడుతూ కూర్చోవడం మా కిటికీలోంచి కనిపించేది. సువర్చల కిటికీకి తెర వేసేసింది. మనుషులు నచ్చింది బొమ్మ వేస్తారు, నచ్చనిదానికి తెర వేస్తారు.

ఎగ్జిబిషన్ రానే వచ్చింది. ఇరుగుపొరుగు అందరినీ పిలిచి తాయారమ్మగారిని పిలవకపోతే బాగోదు. పిలిచింది. బొమ్మకి అద్దం బిగించే ముందు నన్ను మంచినీళ్లలో ముంచి ఆ దారం మీద రుద్దింది. నీటిరంగు తడి తగిలితే లేచిపోతుంది. ఎర్రదనమంతా నా వెంట్రుకల్లోకి వచ్చేసింది. తొడిమ మీద పాలిపోయిన మచ్చ మిగిలింది. ఆవిడ నన్ను కడుగుతుంటే గ్లాసులో నీళ్లు నెత్తురులా తిరిగాయి.

హాలు కిటకిటలాడింది. బొమ్మలెలా వేస్తారో చూపించాలని అడిగారు కాబట్టి నేనూ, రంగులూ బల్ల మీద ఉన్నాం. తాయారమ్మగారు వచ్చి సంపెంగ ముందు ఆగిపోయింది.

"మా పువ్వూ ఇలాగే ఉండేదమ్మా. అచ్చం ఇదే వంపు."

"బాబాయిగారు ఎలా ఉన్నారు, పిన్నిగారూ?" అంది సువర్చల.

"నిన్న మంచం దిగలేదు. డాక్టరు కేకలేస్తున్నాడు. నేనేం చేసేది? స్వామే వద్దన్నాక నేను సరేనని ఎలా పంపనూ?" ఆవిడ కళ్లొత్తుకుంది. "పాపం, ఆయనకి ఇదేం పట్టదు. నా పెళ్లానికి మతి పోయిందని నవ్వుతాడు. నవ్వితే దగ్గొస్తుంది."

సువర్చల బల్ల మీంచి నన్ను అందుకుంది. ఒక్క ఉదుటున నన్ను ఎర్రరంగులో ముంచింది. అందరూ చూస్తుండగా నడిచి వెళ్లి, పటం అద్దం మీద, సరిగ్గా ఆ పాలిపోయిన చోట, నా చేత గీత గీయించింది. గాజు మీద రంగు నిలవదు. గీత చెదిరి బొట్లుబొట్లుగా కిందికి జారింది.

"దారం ఇక్కడ కట్టారు పిన్నిగారూ. స్వామి కాదు, నేనే కోశాను."

తాయారమ్మగారు గీతని చూసింది. సువర్చలని చూసింది.

"నువ్వా? నా ఏడుపు గోడ అవతల నిలబడి వింటూనే ఉన్నావా?"

"విన్నాను."

"ఆయన మెట్ల మీద కూలబడ్డం చూశావా?"

"తెర వేసుకున్నాను."

ఆవిడ చెయ్యి లేచింది. కొడుతుందనే అనుకున్నాను. ఆ చెయ్యి పటాన్ని పట్టుకుంది.

"అయితే స్వామి వద్దనలేదన్నమాట!" ఆవిడ మొహంలోకి నెత్తురు వచ్చింది. "దించు దీన్ని. కొండకి పట్టుకెళ్తాను. పువ్వుని ఎలాగూ చంపావు, బొమ్మైనా స్వామి ముందు పెట్టి దండం పెట్టుకొస్తాను. ఊఁ, చూస్తావేం? ఆటో పిలువు!"

బొమ్మ వెళ్లిపోయింది. ఎగ్జిబిషన్ అయ్యేదాకా గోడ నడుమ ఒట్టి మేకు మిగిలింది. అక్కడ ఏ పువ్వు ఉండేదని అడిగిన ప్రతివాళ్లకీ సువర్చల జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఆపరేషన్ జరిగింది. పద్మనాభంగారు ఇప్పుడు పెరట్లో నడుస్తూ, మా కిటికీ వైపు చెయ్యి కూడా ఊపుతారు. తాయారమ్మగారు మాత్రం పలకరించదు. కిటికీకి తెర లేదు. నన్ను ఆ రోజు ఎవరూ కడగలేదు. ఎర్రరంగు ఎండి, వెంట్రుకలు పుల్లల్లా బిగుసుకుపోయాయి. శిష్యులు కుంచె కడక్కపోతే చెవి మెలేసే సువర్చల, నన్ను అలాగే కిటికీ గట్టు మీద పెట్టుకుంది.

ఇక్కణ్ణించి సంపెంగ చెట్టు బాగా కనిపిస్తుంది. ఈ ఏడు విరగబూసింది. గోడ అవతలి మొగ్గలు ఉత్త మొగ్గలే. గోడ దాటి మా వైపు వచ్చిన ప్రతి మొగ్గకీ ఎర్రదారం కట్టి ఉంది.