వాగ్దేవి రంగు

ఇంకు బాగాలేదని నాలుగు నెలలు ప్రింటరుని తిట్టాను. తిరిగి మాట అనదు కాబట్టి దాన్ని తిట్టడం సులువు.

నా పేరు విజయసారథి. తెనాలిలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఫోటో స్టూడియో నడిపాను. ఫోన్లు వచ్చి దాన్ని మూసేశాక, ఇంటి ముందు గదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు పెట్టుకుని కూర్చున్నాను. నా భార్య వాగ్దేవి పోయి పది నెలలైంది. నాకు ఏడుపు రాలేదు. కాఫీ కలుపుకోవడం నేర్చుకున్నాను, గ్యాసు కట్టేయడం గుర్తుంచుకుంటున్నాను. లోపల మాత్రం పళ్ళ డాక్టరు సూది వేసిన చెంపలా ఉంది. తాకితే తెలుస్తుంది, అంతే.

సాంవత్సరికం నాటికి ఆమె పటం ఒకటి కట్టించాలి. ఆ పటంలో వాగ్దేవి కనబడాలన్నదే నా పట్టుదల. ఉన్న ఫోటోల్లో బాగున్నది తీసి ప్రింటు కొడితే ఒకసారి ఎర్రగా, ఒకసారి పచ్చగా వచ్చింది. ఆ రెండూ సరిచేస్తే ఎవరో పెద్దింటి కోడలు నవ్వుతూ కూర్చుంది. ముక్కూ మొహం వాగ్దేవివే. మనిషి కాదు. లోపం ఇంకులో ఉందని తేల్చుకుని, మంచి ఇంకు ట్యాంకు ఏదో చూద్దామని బాపట్ల వెళ్ళాను.

బాపట్లలో సీమోను ప్రింటర్లు బాగుచేస్తాడు. చేతివేళ్ళకి ఎప్పుడూ నీలం మరకలుంటాయి. అమ్మేవాడిలా కాకుండా డాక్టరులా అడిగాడు.

"వారానికి ఎన్ని ఫోటోలు తీస్తారు సార్?"

"ఒక్కటి తీయాలయ్యా. సరిగ్గా రావాలి."

"అయితే వినండి. కంపెనీ ట్యాంకుతో వచ్చేదానికి గొడవుండదండి, పోసుకుని వాడుకోవడమే. కానీ నాలుగు రంగులే. మొహాలు కాస్త మొరటుగా వస్తాయి. ఈ పాత ఆరు రంగుల మిషన్‌కి బయట సీసాలు పెట్టి ట్యూబులు లాగితే మొహం మెత్తగా వస్తుందండి. దీంతో చాకిరీ ఉంది. సీసాలు మిషన్‌తో సమానంగా కూర్చోవాలి. ఎత్తులో పెడితే ఇంకు పొంగుతుంది, దించితే వెనక్కి పోతుంది. ట్యూబులో గాలి బుడగ చేరిందా, ఆ రంగు ఆగిపోతుంది."

"మరి ఆ పక్కనున్న మూడో మిషను?"

"అందులో పిగ్మెంటు ఇంకండి, సన్నటి రంగు పొడి కలిపింది. ఏళ్ళు గడిచినా వెలిసిపోదు. వాడకుండా వదిలేస్తే మాత్రం ఇంకు చిమ్మే హెడ్డు మూసుకుపోతుంది. మెరిసే పేపరు మీద కాస్త మందంగా కనబడుతుంది."

నేను తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోంచి వాగ్దేవి ఫోటోని మూడింటి మీదా తీశాడు. చూడబోతే కాగితాలు లాగేసుకుని, ఆరకముందు రంగు చూడకూడదన్నాడు. రైలెక్కి ఇంటికొచ్చి, మర్నాడు మళ్ళీ వెళ్ళాను. బల్ల మీద మూడు కాగితాలు వరసగా పరిచి ఉన్నాయి. సీమోను వాటిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు.

"ఇంకుల్లో తేడా ఉంది సార్. కానీ మీరు వెతికేది ఇంకులో దొరకదు. ఫోటోలోనే మొహాన్ని ఎవరో బాగా తెల్లగా చేసేశారండి."

"ఎవరో కాదు, నేనే," అన్నాను.

మా స్టూడియోలో కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషీ "కాస్త కలరు రానివ్వండి" అనేవాళ్ళు. పెళ్ళిచూపులకి పంపే ఫోటో అయితే తల్లి నా పక్కనే నిలబడి మరీ చేయించుకునేది. మొదట్లో బ్రష్షుతో, తరవాత కంప్యూటరుతో తెనాలి ఊరంతటికీ తెలుపు పూశాను. వాగ్దేవి మాత్రం ఎప్పుడూ అడగలేదు. మా పెళ్ళి ఆల్బం ప్రింటు చేసేటప్పుడు, మావాళ్ళు నోరెత్తకుండా ఉండాలని నేనే చేశాను. అది అలవాటైపోయింది. పాత నెగెటివ్‌లు బూజుపట్టి పోయాయి. కంప్యూటర్లో జాగా చాలక అసలు ఫోటోలు తుడిచేసి, నేను దిద్దినవే దాచుకున్నాను. ఎంత తెలివిగల పనో చూడండి.

ఆరు రంగుల మిషన్ తీసుకున్నాను. దాన్ని ఇంట్లో బిగించాక, దిద్దని ఫోటో ఒక్కటైనా దొరుకుతుందేమోనని రేపల్లె వెళ్ళాను. అక్కడ నా మరదలు లక్ష్మీప్రియ స్కూల్లో టీచరు. బీరువాలోంచి ఆల్బంలన్నీ తీసి నా ముందు పెట్టింది.

"అన్నీ మీరు తీసినవే బావగారూ. ఇంట్లో ఫోటోగ్రాఫరుండగా బయటివాళ్ళని పిలుస్తామా ఏంటి?"

"ఫోన్లో లేవా?"

ఆమె చేతిలో ఉన్న ఆల్బం మూసి పక్కన పెట్టింది.

"అక్క దిగేది కాదండి. నేను తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టేసేది. మీ బావగారికి నచ్చిన మొహం కంప్యూటర్లో ఉందిగా, మళ్ళీ ఇదెందుకే అనేది."

నేను కాఫీ తాగాను. బాగుందన్నాను. ఇక్కడ కూడా కరెంటు పోతోందా అని అడిగాను. ఏదో ఒకటి అనిపించాలి కదా, ఏమీ అనిపించలేదు. తెనాలి రైలుకి టైమైందని లేచాను.

ఇంటికొచ్చాక మిగిలిన దారి ఒక్కటే. అదే ఫోటోని ఎనిమిది కాగితాల మీద తీశాను, ఒక్కోదానికి కిందటిదానికంటే ఒక మెట్టు నలుపు పెంచుతూ. ముందు మొహాన్ని దిద్దినప్పుడు ఎటు జరిపానో ఇప్పుడు అటునుంచి వెనక్కి వచ్చానన్నమాట. రెండు రోజులు ఆరనిచ్చాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషి రంగు ఏదో నాకు తెలియదా అనుకున్నాను. తెలియలేదు. మూడోది అయ్యుండాలనిపించింది. దాన్ని పైన పెట్టుకుని, ఎనిమిదీ పట్టుకుని మళ్ళీ రేపల్లె వెళ్ళాను.

లక్ష్మీప్రియ వాటిని మంచం మీద పరిచింది. మూడోదాన్ని చూడనైనా లేదు. ఏడోదాని మీద వేలు పెట్టి, "ఇదిగో అక్క," అంది. మరుక్షణం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నేను ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాను. చెంపల దగ్గర రాగి రంగు, కళ్ళ కింద ఇంకాస్త చిక్కన. వెనక్కి తిప్పితే పెన్సిలుతో 'వేస్టు' అని ఉంది. నా చేతిరాతే. ఇంకు ఎక్కువ పడిందనుకుని అంతకు ముందురోజే అలా రాసిపెట్టాను. రబ్బరుంటే ఇమ్మన్నాను. లక్ష్మీప్రియ పిల్లల కంపాసు పెట్టెలోంచి తెచ్చిచ్చింది. తుడిచాను గానీ, పెన్సిలు నొక్కిన గీత పోలేదు.

సాంవత్సరికం రోజు హాల్లో కుర్చీ మీద పటం పెట్టి దండ వేశాం. పొన్నూరు నుంచి మా అక్క కనకదుర్గ వచ్చింది. కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి, పటం ముందు ఆగిపోయింది.

"ఏంట్రా సారథీ, ఫోటో ఇంత నల్లగా వచ్చింది? మిషన్‌లో ఇంకు ఏమన్నా ఎక్కువైందా?"

గదిలో పదిమంది ఉన్నారు. అందరూ నా వైపు చూశారు.

"ఇంకు సరిగ్గానే ఉందక్కా," అన్నాను. "వాగ్దేవి నల్లగానే ఉండేది. అందంగా ఉండేది."

బ్రహ్మగారు వేళవుతోందని పిలిచారు. వెళ్ళి పీట మీద కూర్చున్నాను. ఆ మాట అనడానికి నాకు ముప్ఫై ఒక్క ఏళ్ళు పట్టింది. వినవలసిన మనిషికి తప్ప ఇంట్లో అందరికీ వినిపించింది.